ఊరికే సైకిలు తొక్కిన మనిషి

మా బందరులో మనిషి ఎలా బతుకుతున్నాడని ఎవరూ అడగరు గానీ, ఎక్కడికి వెళ్తున్నాడని మాత్రం అందరూ అడుగుతారు. ఆస్పత్రికనో, కోర్టు వాయిదాకనో, పెళ్ళిపిలుపులకనో చెప్తే దారి వదులుతారు. ఊరికే వెళ్తున్నానంటే వదలరు. ఏదో ఉందంటారు. ఆ ఏదో ఏమిటో వాళ్ళే తేల్చి, తీర్పు కూడా వాళ్ళే చెప్పి, చివరికి మన చేతే ఒప్పిస్తారు. గంగన్న విషయంలో అదే జరిగింది. తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గంగన్నా నేనూ హార్బరుకి వెళ్ళే దారిలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. అతనిది సముద్రం మీద వేట చేసే ఇల్లు. తండ్రి, అన్నదమ్ములు అందరూ పడవలమీద వెళ్ళేవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. గంగన్న అని పేరు పెట్టుకుని గట్టుమీద కూచుంటావేంట్రా అని వాళ్ళ వీధిలో ఆటపట్టించేవాళ్ళట. నీళ్ళమీద ఉండలేడు, నీళ్ళకి దూరంగానూ ఉండలేడు. అలాంటి మనిషి.

ఐసు ఫ్యాక్టరీ చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల కాళ్ళకింద చల్లటి ఉప్పునీళ్ళు, ముక్కులో అమ్మోనియా ఘాటు, చెవుల్లో కంప్రెసర్ మోత. పని దిగి ఇంటికెళ్ళి అన్నం ముందు కూచున్నా ఆ మోత చెవుల్లో తిరుగుతూనే ఉంటుంది. నేను ఐసుదిమ్మలు తీసేచోట ఉండేవాణ్ణి గనక కొంత నయం. గంగన్న పని కంప్రెసర్ పక్కనే. అందుకే వారానికోసారి సెలవొస్తే శనివారం మధ్యాహ్నం సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ ఆదివారం పొద్దుగూకాక వచ్చేవాడు.

ఎక్కడికంటే, ఎక్కడికీ కాదు. ఒక వారం గుడివాడ వైపు కాలవగట్లు పట్టుకునేవాడు. ఎక్కువ వారాలు చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డకి. అక్కడ కింద కృష్ణపాయ ఒకవైపు పారుతుంటే, దానిమీద కట్టిన వంతెనలో కాలవ ఇంకోవైపు పారుతుంది. అది దాటి దివిసీమలో దిగి, అవనిగడ్డ, నాగాయలంక, ఆ పైన ఎదురుమొండి లంకకి పంటు అనే బల్లకట్టు మీద దాటించే రేవు దాకా. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. రేవులో టీకొట్టు ముందున్న బల్లమీద రాత్రి పడుకుని, పొద్దున్నే లేచి నీళ్ళు చూసుకుని, వెనక్కి తిరిగేవాడు.

తొంభై ఏడు చలికాలంలో ఒకసారి నేనూ వెళ్ళాను. మా సీమలో గుట్టలుండవు, ఎదురుగాలే మాకు గుట్ట. ఆ గాలి లేకపోతే సైకిలు దానంతటదే వెళ్తున్నట్టుంటుంది. గంగన్న తొక్కడం కూడా నడిచేవాళ్ళతో కబుర్లు చెప్పుకునేంత నెమ్మది. కాలవ లాకులొచ్చాయంటే దిగాల్సిందే. తలుపుల సందులోంచి నీళ్ళు దూకుతుంటే సైకిలు కమ్మీమీద మోచేతులానించి చూసేవాడు. మురుగుకాలవలో గుర్రపుడెక్క కింద పీతేదో కదిలితే దిగేవాడు. కరకట్టమీద మనిషెత్తు తుమ్మలు, అవతల మొన్నటిదాకా వరి పండి ఇప్పుడు రొయ్యల చెరువులైన పొలాలు, చెరువుల్లో గాలిచక్రాలు చిమ్మే నీళ్ళు. నాకు రెండు గంటల్లో విసుగొచ్చింది. అతని మొహం మాత్రం తేటపడుతూ వచ్చింది.

"ఏముందని ఇంత దూరం?" అన్నాను.

"నీళ్ళ పక్కన తొక్కుతుంటే చెవుల్లో మోత తగ్గుద్ది జకరయ్యా. పులిగడ్డ దాటేసరికి అసలుండదు," అన్నాడు.

ఆ రెండు మాటలకి మించి తన సైకిలు గురించి అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పింది లేదు. దారిపొడుగునా మాత్రం అడుగుతూనే ఉన్నారు. ఏ ఊరండీ, ఎవరింటికండీ, ఏం పనిమీదండీ. అతను నవ్వి, "ఊరికేనండి" అనేవాడు. ఒక ఊళ్ళో రొయ్యపిల్ల ఏజెంటనుకున్నారు. ఇంకో ఊళ్ళో ఎవరి సంబంధానికో వాకబుకి వచ్చాడనుకుని, అడక్కుండానే నాలుగిళ్ళ గుట్టు విప్పి చెప్పారు. సారా పట్టుకునే ఎక్సైజువాడేమోనని ఒకతను బిందె పట్టుకుని పాకలోకి పరిగెత్తాడు కూడా.

"మోపిదేవి స్వామికి మొక్కుందని చెప్పొచ్చుగా, ఒక్క మాటతో అందరూ ఊరుకుంటారు," అన్నాను.

"లేని మొక్కు ఉందని ఎలా అంటాం?" అన్నాడు. క్రైస్తవుణ్ణి నేను అబద్ధం నేర్పుతుంటే, ఆ స్వామికి దణ్ణం పెట్టుకునే అతను వద్దన్నాడు. నాకు సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది.

గంగన్న భార్య వీరదుర్గ అతని మేనమామ కూతురు. చేపల మార్కెట్లో గంప పెట్టుకునేది. నోరూ చెయ్యీ గట్టి మనిషి, మనసు అంతకంటే మంచిది. చాలా ఏళ్ళు ఆవిడ మొగుడి సైకిలుని పట్టించుకోలేదు. తాగుడు లేదు, పేకాట లేదు, తిరిగితే తిరగనీ అనుకుంది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రేవతికి సంబంధం వచ్చేదాకా ఆ ఇంట్లో ఆ మాటే లేదు.

పిల్లాడి పేరు దుర్గాశ్రీనివాస్. నందివాడ దగ్గర చేపల చెరువులమీద పని. పిల్లా పిల్లాడూ ఒకళ్ళకొకళ్ళు నచ్చారు. పెట్టుపోతల దగ్గర పేచీ ఏమీ రాలేదు. ఇక మిగిలింది వాకబు. పిల్లాడి మేనమామ బంగార్రాజు ఆ పనిమీద బందరొచ్చి, వీధిలో అడిగి, మార్కెట్లో అడిగి, చివరికి ఫ్యాక్టరీలో నా దగ్గరకొచ్చాడు. పెద్దమనిషి, మర్యాదస్తుడు. అదే మా ఖర్మ. దుర్మార్గుడైతే తిట్టి పంపేవాళ్ళం.

"జకరయ్యగారూ, మీరు ప్రార్థన చేసుకునే మనిషి, అబద్ధమాడరు. ఆయన ప్రతి వారం దివిసీమ ఎందుకెళ్తారండీ?" అన్నాడు.

"ఊరికేనండి. నేనూ ఒకసారి వెళ్ళాను. కాలవలు చూసొస్తాడు."

బంగార్రాజు నొచ్చుకోకుండా నవ్వాడు. "కాలవ మీ బందరులోనే ఉంది కదండీ. దానికోసం రేవుదాకా వెళ్ళి రాత్రి ఉండిపోవడం ఎందుకు? చూడండి, చేసుంటే చేశాడు. మగాడన్నాక ఏదో ఒకటి ఉంటది. మానేశాడని తేలితే మాకు చాలు. రేపు ఆ చిన్నిల్లు గొడవ మా పిల్లాడి నెత్తికి రాకూడదు, అంతే."

ఎంత చెప్పినా ఆయన తల కిందికీ పైకీ ఊపాడే గానీ ఒక్క ముక్క లోపలికి దిగలేదు. అదేమాట వీరదుర్గతోనూ మర్యాదగా అనేసి, ఆ సంగతి తేలేదాకా ఆగుదామని చెప్పి వెళ్ళిపోయాడు. చిన్నిల్లున్న మగాణ్ణి మావాళ్ళు అర్థం చేసుకుంటారు. ఏమీ లేకుండా కాలవగట్టున తిరిగే మగాణ్ణి అర్థం చేసుకోవడం వాళ్ళవల్ల కాదు.

వీరదుర్గ ఏడవలేదు, అరవలేదు. "నన్నూ తీసుకెళ్ళు బావా. ఏ గట్టుమీద తిరుగుతున్నావో నేనూ చూస్తాను," అంది.

గంగన్న పిచ్చి సంతోషం ఇంతా అంతా కాదు. ఎన్నేళ్ళనించో రమ్మంటే గంప వదిలి రాని మనిషి, ఇప్పుడు తనే వస్తానంది. చూస్తే తెలుస్తుంది కదా అనుకున్నాడు. గోనెసంచి మడతపెట్టి క్యారేజీ మీద మెత్తగా కట్టాడు. గొలుసుకి నూనె పోశాడు. ఆ ముందురోజు ఫ్యాక్టరీలో అతను ఈలవేస్తూ పనిచెయ్యడం చూసి నేనూ సంతోషించాను, బుద్ధి లేక.

ఆ ప్రయాణం గురించి ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు. జరిగింది ఇద్దరి మాటలోనూ ఒకటే. లాకుల దగ్గర కాపలా ఆయన, "ఈ వారం జంటగా వచ్చారే" అన్నాడు. మోపిదేవి దాటాక పాదులకి నీళ్ళు పోస్తున్న ముసలమ్మ పిలిచి దోసకాయలు చేతిలో పెట్టింది. అవనిగడ్డలో సైకిలుషాపతను గాలి కొట్టి డబ్బులొద్దన్నాడు. గంగన్న ఒక్కొక్కళ్ళనీ చూపించి, చూశావా ఎంత మంచివాళ్ళో అనుకుంటూ తొక్కాడు. వెనక కూచున్న వీరదుర్గకి ప్రతి పలకరింపూ ఒక్కో సాక్ష్యంలా తగిలింది. "మా వీధిలోవాళ్ళకి కూడా మా బావ అంత తెలీదు జకరయ్యా," అంది నాతో.

ఈసారి శనివారం కాకుండా ఆదివారం తెల్లవారుజామున బయల్దేరారు గనక, రేవుకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ టీకొట్టు నడిపే ఆవిడ పేరు పుష్పావతి. మొగుడు పోయాక తాటాకు పాకలో కొట్టు పెట్టుకుని, పంటు ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ టీ పోసేది. ఒకళ్ళని అన్నగారూ అనేది, ఇంకొకళ్ళని బావగారూ అనేది, అందరితోనూ అంతే. గంగన్నని చూసి, "వచ్చారా బావగారూ, ఆలస్యమైందే ఈ వారం," అని బల్ల తుడిచింది. అడక్కుండానే పంచదార తక్కువేసి టీ తెచ్చింది. తర్వాత లోపలికెళ్ళి, ఉతికి మడతపెట్టిన తువ్వాలు ఒకటి తెచ్చి అతని పక్కన పెట్టింది.

కిందటి వారం రేవులో మొహం కడుక్కుని, గుంజకి ఆరేసి మర్చిపోయాడు. ఉప్పుగాలికి పాడవుతుందని ఆవిడ ఉతికి దాచింది. అంతే సంగతి. అది బందరులో కొన్న తువ్వాలు. కొన్నది వీరదుర్గే.

వీరదుర్గ తువ్వాలు చేతిలోకి తీసుకుని చూసింది. టీ తాగింది. గ్లాసు కడిగి మరీ ఇచ్చింది. లేచి, నాగాయలంక వెళ్తున్న ఒక ఆటో ఎక్కి, అక్కణ్ణించి బస్సులో ఒక్కతే బందరొచ్చేసింది. గంగన్న ఖాళీ క్యారేజీతో ఎదురుగాలిలో తొక్కుకుంటూ ఇల్లు చేరాడు. ఇంట్లో అన్నం మూతపెట్టి ఉంది. వీరదుర్గ అటు తిరిగి పడుకుంది.

నేను సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాను. రేవులో పడుకున్నాం, టీ తాగాం, ఇంకేమీ లేదని చెప్పాను. వీరదుర్గ నాకు మంచినీళ్ళిచ్చి కూచోబెట్టి వింది.

"నువ్వెళ్ళింది ఒక్కసారే కదా జకరయ్యా. మిగతా వారాల సంగతి నీకేం తెలుసు?" అంది.

నిజమే, నాకేం తెలుసు? గంగన్న మాట తప్ప నా దగ్గర ఇంకేముంది? ఏమీ జరగలేదని రుజువు చెయ్యడం ఎలాగో నాకు ఈనాటికీ తెలీదు. జరిగినదానికే సాక్షులుంటారు.

ఆ ఏడాదంతా ఆ ఇల్లు అలాగే ఉండిపోయింది. గంగన్న సైకిలు మానేశాడు. మానేస్తే, చూశారా, దొరికిపోయాక మానేశాడన్నారు. చెవుల్లో మోత భరించలేక ఒకరోజు గుడివాడ వైపు వెళ్ళొస్తే, ఇప్పుడు అటువైపు పెట్టాడన్నారు. బంగార్రాజు నెలకోసారి మర్యాదగా కబురు పెట్టేవాడు, ఆ సంగతేమైందని. పిల్లాడు వేరే సంబంధం చూడొద్దని పట్టుబట్టి కూచున్నాడని కూడా చెప్పి పంపేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా రేవతి లోపలికెళ్ళిపోయేది.

ఒకనాడు ఆ పిల్లే తండ్రి దగ్గరకొచ్చి కూచుంది. "ఒప్పేసుకోవచ్చుగా నాన్నా. ఉండేదండి, మానేశానండి అంటే వాళ్ళు ఊరుకుంటారు. అమ్మా ఊరుకుంటది," అంది.

"ఒప్పుకుంటే ఆవిడ పరువేం కావాలమ్మా?"

"ఆవిడ మనకేమవుద్ది?" అంది రేవతి.

గంగన్న ఈ మాట నాకు చెప్పి, మళ్ళీ కంప్రెసర్ దగ్గరకి వెళ్ళిపోయాడు. ఆవిడ తనకేమీ కాదు. ఏమీ కాదు గనకే ఆవిడమీద మాట వెయ్యలేకపోయాడు. అతని పరువు ఎలాగూ పోయింది. పట్టుకుని ఉన్నదల్లా ఆ రేవులో టీ పోసుకు బతికే మనిషి పరువు ఒక్కటే. ఈ ముక్క బందరులో ఎవరికి చెప్పినా, అంత ప్రేమా అని నవ్వేవాళ్ళు.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో కాలవలకి నీళ్ళాపేసిన రోజుల్లో, రేవునించి చేపల పెట్టెల వ్యాను ఐసుకోసం వచ్చింది. డ్రైవరు దిగి బీడీ ముట్టించుకుంటూ, పుష్పావతి పోయిందని చెప్పాడు. కామెర్లు ముదిరాయట. అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయిందట. గంగన్న నూనెచేతులు గుడ్డకి తుడుచుకుంటూ విన్నాడు. "పాపం, మంచిమనిషి" అన్నాడు. అంతకుమించి ఏమంటాడు? ఎవరు పోయినా అనే మాటే.

పని దిగాక నేనూ అతనితో ఇంటిదాకా నడిచాను. అప్పటికే మార్కెట్టుకి చేపలతో పాటు కబురూ చేరిపోయింది. ఇంటిముందు వసారాలో కుర్చీ వేసుకుని బంగార్రాజు ఉన్నాడు. వేరే పనిమీద బందరొచ్చి పలకరించి వెళ్దామని ఆగాడట. పక్కిళ్ళవాళ్ళు ప్రహరీలమీదనించి చూస్తున్నారు. ఇంటిపక్క నీళ్ళగాబు దగ్గర బండ కడిగి ఉంది. దానిమీద నిండు బకెట్టు, చెంబు.

మా క్రైస్తవుల్లో ఆ పద్ధతి లేదు గానీ నాకూ తెలుసు. అయినవాళ్ళు పోయారని కబురొస్తే వాళ్ళు కట్టుబట్టలతో నెత్తిమీద నీళ్ళు పోసుకోవాలి. కానివాళ్ళు పోతే అక్కర్లేదు.

వీరదుర్గ ఎదురొచ్చింది. ఆ గొంతు అంత మెత్తగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"పోసుకో బావా. పోయిన మనిషిమీద నాకేం పగలేదు."

"ఆవిడ నాకేమవుద్దని పోసుకోవాలి దుర్గా?" అన్నాడు గంగన్న.

"ఇంకా దాపరికం దేనికి? పోయిందిగా. పోయినోళ్ళకి ఇంక పోయేదేముంది?"

వసారాలోంచి బంగార్రాజు తల వంచుకుని, నిజంగా జాలిపడుతూనే అన్నాడు. "పోసుకోండి బావగారూ. అయిపోయిన సంగతే కదా. మేం ఇంక ఆ మాటే ఎత్తం. ఈ నెల్లోనే ముహూర్తం పెట్టించుకుందాం."

గుమ్మంలో రేవతి పొడిబట్టలు పట్టుకుని నిలబడింది. తండ్రి మొహంలోకే చూస్తోంది.

గంగన్న నావైపు తిరిగాడు. ఒప్పుకోవద్దని నేను చెప్పాలి. కానీ రేవతి గుమ్మంలో నిలబడి ఉండగా ఎవరు చెప్పగలరు? అతను చొక్కా కూడా విప్పకుండా వెళ్ళి బండమీద కూచున్నాడు. చెంబుతో ముంచి నెత్తిమీద పోసుకున్నాడు. రెండో చెంబు పోసుకునేసరికి ఏడుపొచ్చేసింది. అంత పెద్దమనిషి, నీళ్ళు కారుతున్న మొహం రెండు చేతుల్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నలభై రెండేళ్ళ బతుకులో తనకంటూ ఉంచుకున్న ఒక్క సంగతి ఆ బండమీద నీళ్ళపాలైంది. ఏ తప్పూ చెయ్యని ఆడదాన్ని తనే తప్పుడుమనిషిని చేశాడు. నాకు తెలిసి ఆ ఏడుపు అందుకు. ప్రహరీలమీది జనానికి ఆ ఏడుపుతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

వీరదుర్గ వచ్చి పక్కన కూలబడింది. ఏడాది తర్వాత మొదటిసారి మొగుణ్ణి ముట్టుకుని, కొంగుతో తల తుడిచింది. "ఏడవకు బావా. నేను లేనూ?" అంటూ తనూ ఏడ్చింది. అతని మాట ఒక్కటీ నమ్మని మనిషి, ఆ అబద్ధాన్ని గుండెనిండా నమ్మి క్షమించేసింది.

రేవతి పెళ్ళి గుడివాడలో బాగానే జరిగింది. అల్లుడు మంచివాడు, మామగారంటే గౌరవం. వీరదుర్గ మొగుడికి చేప ముళ్ళు తీసి వడ్డించేది. గంగన్న సైకిలు ఎవరికో ఇచ్చేశాడు, పనికి నడిచి వచ్చేవాడు. మోత గురించి అడిగితే, అలవాటైపోయిందిలే అన్నాడు.

పెళ్ళయిన కొన్నాళ్ళకి రేవు వ్యాను మళ్ళీ ఐసుకొచ్చింది. డ్రైవరు నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు.

"మీ గంగన్నగారు నీళ్ళు పోసుకున్నారంటగా. మా రేవంతా తెలిసిపోయిందండి. మేమెవరమూ పుష్పావతిని అలా అనుకోలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ చేతి టీయే తాగాం, ఎంతో నిఖార్సైన మనిషనుకున్నాం. ఇప్పుడు వాళ్ళ చెల్లెలు ఆ కొట్టు తీస్తే ఎవరూ సరిగ్గా ఆగట్లేదండి."

నేను వెనక్కి తిరిగి చూశాను. గంగన్న అక్కడే ఉన్నాడు, విన్నాడు. డ్రైవరుకి చెప్పాలని నోరు తెరిచాడు. ఏం చెప్పినా ఇంక ఎవరూ నమ్మరని అతనికే గుర్తొచ్చినట్టుంది, మూసేశాడు. వంగి ఐసుదిమ్మ ఎత్తి, డ్రైవరు పట్టుకున్న పెట్టెలో పెట్టాడు.